డాక్టరేట్ తరువాత పడిగాపులు

విశాఖలో రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ వెయిటింగ్ రూములోనే స్నానం కానిచ్చి, ఎనిమిదిన్నరకల్లా పరిశోధన సంస్థ గేటు దగ్గర నిలబడే అభ్యర్థి చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటుంది. అందులో పదో తరగతి మెమో మొదలుకొని పీహెచ్‌డీ ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్, వాటి జిరాక్సులు, అచ్చయిన పరిశోధన పత్రాల తొలి పేజీలు. జేబులో మడత పెట్టిన నోటిఫికేషన్. రీసెర్చ్ అసోసియేట్, ఖాళీ ఒకటి, పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోనే ముగుస్తుంది, రెగ్యులరైజేషన్ కోరే హక్కు లేదు, ఇంటర్వ్యూకు వచ్చేవారికి టీఏ డీఏలు చెల్లించబడవు. సెక్యూరిటీ రిజిస్టరులో సంతకం పెట్టబోతే అప్పటికే పేజీ సగం నిండి ఉంటుంది. జీవశాస్త్రాల్లో డాక్టరేట్ పుచ్చుకున్న మన పిల్లలకు బాగా అలవాటైన ఉదయం ఇది.

పీహెచ్‌డీతో చదువు పూర్తయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం వంటి రంగాల్లో అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. పేరున్న సంస్థలో సొంత ల్యాబ్ కావాలంటే పీహెచ్‌డీ తరువాత కొన్నేళ్లు వేరొక ల్యాబ్‌లో, వీలైతే వేరొక దేశంలో, పోస్ట్‌డాక్‌గా పనిచేసి రుజువు చేసుకోవాలి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలోనైనా, తిరుపతిలోని కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌లోనైనా బోధన, పరిశోధన కొలువు కోరేవారిని ఎంపిక కమిటీలు ముందుగా అడిగేది ఆ అనుభవం గురించే. చేసి తీరాల్సిన ఈ మెట్టుకు క్రమబద్ధమైన ప్రవేశ మార్గం లేకపోవడమే విచిత్రం. ఎమ్మెస్సీకి ఎంట్రన్స్ ఉంది. పీహెచ్‌డీకి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది. పోస్ట్‌డాక్ దగ్గరికి వచ్చేసరికి ఎవరి తిప్పలు వారివి.

ఖాళీల సమాచారం ఒక చోట దొరకదు. ఒక్కో సంస్థ వెబ్‌సైట్‌లో ఒక్కో మూల పీడీఎఫ్ వేలాడుతూ ఉంటుంది. గడువు పది రోజులో, పదిహేను రోజులో. ఇండియాబయోసైన్స్ వంటి ఆన్‌లైన్ వేదికలు కొంత మేలు చేస్తున్నా, పెద్ద భాగం నియామకాలు ఇప్పటికీ ఒక ఫోను మాటతో నడుస్తున్నాయి. పేరున్న ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసిన విద్యార్థి కోసం గైడే బెంగళూరుకో, బోస్టన్‌కో ఫోన్ చేసి 'మంచి కుర్రాడు, చూడండి' అంటారు. కాకతీయలోనో, నాగార్జునలోనో, శ్రీకృష్ణదేవరాయలోనో పరిశోధన చేసిన అమ్మాయికి ఆ ఫోను చేసేవారెవరు? ఆమె గైడు మంచి ఉపాధ్యాయుడే కావచ్చు; అవతలి వైపు ఫోను ఎత్తే మనిషి ఆయనకు తెలియదు.

దీన్ని అవినీతి అనలేం. రెండు మూడేళ్ల ప్రాజెక్టు డబ్బును ఒక మనిషి మీద పెట్టే ల్యాబ్ అధిపతి, తనకు నమ్మకమున్నవారి మాట వినాలనుకోవడం సహజమే. కానీ నోటిఫికేషన్ వెలువడేనాటికే ఎవరిని తీసుకోవాలో ఖాయమైపోయిన సందర్భాలు లేవని ఏ సంస్థ అయినా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలదా? అలాంటి ఇంటర్వ్యూకు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ల రైలు చార్జీలు ఎవరు లెక్కగడతారు?

అభ్యర్థుల వైపు నుంచీ పొరపాట్లున్నాయి. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంటరెస్టెడ్ టు జాయిన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్' అని మొదలయ్యే ఈమెయిల్‌ను ఒకే మూసలో వందమందికి పంపేవారికి కొదవ లేదు. ఈగల మీద పరిశోధన చేసే ఆచార్యుడికీ, వరి వేళ్ల మీద పనిచేసే శాస్త్రవేత్తకూ ఒకే ఉత్తరం వెళుతుంది. తెరిచి చూడకుండానే వాళ్లు దాన్ని తీసేస్తారు. అవతలి వ్యక్తి ఈమధ్య రాసిన పత్రం ఒకటి శ్రద్ధగా చదివి, అందులో తేలకుండా మిగిలిన ప్రశ్న ఏదో, తన చేతిలో ఉన్న ఏ మెలకువ దానికి పనికొస్తుందో ఐదారు వాక్యాల్లో రాస్తే ఆ ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఈ సంగతి పిల్లలకు చెప్పేవారే లేరు. ఆరేళ్లు జెల్స్ నడపడం, కణాలు పెంచడం నేర్పిన విభాగాలు ఒక్క పూట కూర్చోబెట్టి ఒక ఉత్తరం రాయడం నేర్పలేకపోతున్నాయి.

ఇక నిబంధనల సంగతి. కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ రెండేళ్ల పథకం, జీవితంలో ఒక్కసారే దక్కుతుంది. మొన్నటిదాకా కేంద్ర పరిశోధన నిధుల బోర్డు సెర్బ్ దాన్ని నడిపింది. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చేతికి ఇప్పుడు వచ్చింది. గరిష్ఠ వయసు 35 ఏళ్లన్నది దానికి చాలాకాలంగా ఉన్న షరతు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. కాగితం మీద ఇది ఉదారంగానే కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే కాదు. ఇరవై మూడేళ్లకు ఎమ్మెస్సీ, నెట్ కోసం రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు. థీసిస్ సమర్పించాక అది పరిశీలకుల బల్లల మీద నెలల తరబడి మగ్గి, వైవా జరిగి, ప్రొవిజనల్ చేతికి వచ్చేసరికి ముప్పై రెండో, ముప్పై మూడో. మధ్యలో తండ్రికి జబ్బు చేసినా, ప్రాజెక్టు డబ్బు ఆగినా మరో ఏడాది. ఆలస్యం విశ్వవిద్యాలయానిది, వయసు మీరేది విద్యార్థికి. ఐరోపాలోని మేరీ క్యూరీ ఫెలోషిప్ పుట్టిన తేదీ అడగదు, పీహెచ్‌డీ వచ్చి ఎనిమిదేళ్లు దాటిందా లేదా అన్నదే చూస్తుంది. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్ కూడా డాక్టరేట్ తేదీ నుంచే లెక్కిస్తుంది. మన సంస్థలకు ఆ లెక్క ఎందుకు కుదరదో అర్థం కాదు.

డబ్బు విషయంలో కొంత మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. 2023 జనవరి నుంచి వర్తించేలా పెంచిన రేట్ల ప్రకారం పోస్ట్‌డాక్ స్థాయి కొలువైన రీసెర్చ్ అసోసియేట్ మొదటి శ్రేణికి నెలకు 58,000, మూడో శ్రేణికి 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. బీటెక్ పూర్తవగానే సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్న తమ్ముడితో పోల్చుకోకపోతే ఫరవాలేదనిపించే మొత్తమే. అసలు బాధ అది ఒకటో తారీకున రాకపోవడం. నిధుల విడుదల పద్ధతులు మార్చిన ప్రతిసారీ నెలల తరబడి ఫెలోషిప్పులు ఆగిపోవడం, పరిశోధకులు సోషల్ మీడియాలో మొరపెట్టుకోవడం మామూలైపోయింది. రావలసినప్పుడు రాని 58,000తో ఇంటి ఓనరుకు ఏం సమాధానం చెబుతారు? ముప్పై మూడేళ్ల వయసులో, బహుశా చంకలో చిన్నబిడ్డతో?

ఇన్నాళ్లూ ఈ లోటు బయటపడకుండా కాపాడింది అమెరికా. ఇక్కడ గుమ్మాలన్నీ మూసుకున్నా అక్కడ ఏదో ఒక ల్యాబ్ చేర్చుకునేది. ఇప్పుడు ఆ దారీ ఇరుకైంది. జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లినవారు రెండేళ్లు స్వదేశంలో గడపాలన్న నిబంధన చాలామందికి మెడ మీద కత్తిలా ఉండేది. 2024 డిసెంబరులో ఆ నిబంధన ఎవరికి వర్తిస్తుందో చెప్పే నైపుణ్యాల జాబితా నుంచి అమెరికా భారత్‌ను తప్పించడంతో, ప్రభుత్వ నిధుల మీద వెళ్లినవారు మినహా ఎక్కువమందికి ఆ బెడద తప్పింది. సంతోషించేలోపే 2025 వచ్చింది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ గ్రాంట్లు రద్దవడం, విశ్వవిద్యాలయాలు కొత్త నియామకాలు ఆపేయడం, సెప్టెంబరులో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన. గడియ తీసి, లోపల దీపం ఆర్పినట్టయింది. అక్కడ కొత్త పోస్ట్‌డాక్‌కు ఎన్ఐహెచ్ 2024లో నిర్ణయించిన కనీస స్టైపెండ్ ఏడాదికి 61,008 డాలర్లు. ఆ జీతానికి మనిషిని పెట్టుకునే ల్యాబ్, లక్ష డాలర్ల రుసుము కడుతుందా?

కాబట్టి జర్మనీ, జపాన్, బ్రిటన్ వైపు చూడటం మంచిదే. చాలామంది చూస్తున్నారు కూడా. కానీ మన ఇంటి సంగతి మనం చూసుకోవలసిన సమయం కూడా ఇదే. జన్యు పరీక్షలకూ, టీకాలకూ హైదరాబాదే చిరునామా అని ఏటా బయోఏషియా సదస్సు వేదిక మీద రెండు చేతులూ చాచి చెబుతాం. బయోటెక్ సంస్థలకు నెలవైన జినోమ్ వ్యాలీ మొదలై పాతికేళ్లు దాటింది. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్ఐఎన్, ఇక్రిశాట్, ఎల్వీ ప్రసాద్, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి పరిశోధన సంస్థలన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్టుతో కలిసి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్ కార్యాలయమూ హైదరాబాద్‌లోనే ఉంది. పరిశోధకుడికే నేరుగా ఐదేళ్లపాటు నిధులిచ్చే ఫెలోషిప్పులు ఈ దేశంలో అంత నమ్మకంగా ఇస్తున్నది అదే. ఇంత ఉండీ, టీకా కంపెనీల్లో పోస్ట్‌డాక్ అనే మాటే అరుదు. వాళ్లకు కావలసింది రేపటి బ్యాచ్ నడిపే ఎంఫార్మసీ కుర్రాడు, పదేళ్ల తరువాతి టీకా గురించి ఆలోచించే డాక్టరేట్ కాదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల గురించి చెప్పనే అక్కర్లేదు. ఏళ్ల తరబడి పోస్టులు భర్తీ కాక, వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్నాయి. పోస్ట్‌డాక్ ముగించుకుని విదేశాల నుంచి తిరిగి రాదలచినవారికి కేంద్రం రామలింగస్వామి ఫెలోషిప్ ఇస్తోంది. ఆ ఫెలోషిప్ ఐదేళ్లు గడిచాక వాళ్లను కలుపుకోవడానికి ఈ విభాగాల్లో కుర్చీ ఉండాలి కదా!

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు తలవకుండా తెలుగునాట బయోటెక్ సభ జరగదు. భీమవరంలో పుట్టి, బోస్టన్‌లో ఆస్పత్రి ఊడిగం చేస్తూ హార్వర్డ్‌లో నిలదొక్కుకున్న ఆ మహానుభావుడికి హార్వర్డ్ స్థిరమైన కొలువు ఇవ్వలేదనీ, 1940లో ఆయన లెడర్లే కంపెనీకి తరలిపోవలసి వచ్చిందనీ వక్తలు ఆవేదనగా చెబుతారు. అవే సభల్లో వెనక వరుసలో కూర్చునే కాంట్రాక్టు పరిశోధకుల సంగతి ఎవరూ ఎత్తరు.

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ప్రజాధనంతో నడిచే ప్రతి ప్రాజెక్టులోని ప్రతి పోస్టూ ఒకే జాతీయ పోర్టల్‌లో, ఎంతకాలం నిధులు మిగిలి ఉన్నాయో సహా, కనీసం నెల రోజుల ముందు కనిపించేలా అనుసంధాన్ ఫౌండేషన్ ఒక్క ఉత్తర్వు ఇవ్వవచ్చు. గ్రాంటు ఇచ్చేటప్పుడే ఆ షరతు పెడితే సంస్థలు కాదనలేవు. వయసు బదులు డాక్టరేట్ తేదీని లెక్కలోకి తీసుకోవడం, థీసిస్ సమర్పించాక ఆరు నెలల్లో వైవా పూర్తి చేయకపోతే విశ్వవిద్యాలయమే జవాబు చెప్పుకోవడం కూడా ఉత్తర్వులతో అయ్యే పనులే. జీవశాస్త్ర పరిశ్రమ మీద పన్నులు వసూలు చేసుకునే రెండు తెలుగు రాష్ట్రాలూ ఏటా ఓ యాభై మందికి చొప్పున సొంత పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులు ఇస్తే ఖజానాకు చిల్లు పడదు. రీసెర్చ్ అసోసియేట్ మొదటి శ్రేణి రేటున, అద్దె భత్యం కాక, యాభై మందికి ఏడాదికి అయ్యేది 3.48 కోట్లు.

ఈలోగా తొలి విడత ఇంటర్వ్యూలను వీడియోలో జరిపి, చివరి ముగ్గురు నలుగురిని మాత్రమే రప్పించి, వారికి స్లీపర్ చార్జీలైనా ఇవ్వడానికి ఏ సంస్థ డైరెక్టరూ ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. వచ్చే నోటిఫికేషన్ నుంచే మొదలుపెట్టవచ్చు.