గ్యాస్ ట్రబుల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్యాస్ ట్రబుల్ గారి సముఖమునకు,

విజయవాడ నుంచి నమస్కారాలు. ఛాతీ పట్టేసినా, గుండె దడదడలాడినా, అరచేతులకు చెమటలు పోసినా ఈ ఊళ్ళో ముందుగా తలుచుకునేది మిమ్మల్నే; కొండ మీది అమ్మవారికి మొక్కుకునేది కూడా సోడా తాగిన తరువాతే. బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయిన సిటీ బస్సులో ఊపిరాడక, ఇక ప్రాణం పోతుందని నిశ్చయించుకున్న మనిషికి, పక్క సీటు పెద్దాయన "గ్యాస్ బాబూ, పొద్దున ఏం తిన్నావు?" అని తీర్పు చెప్పేస్తారు. ఇడ్లీ అంటే మినప్పప్పుది తప్పు, ఏమీ తినలేదంటే ఖాళీ కడుపుది తప్పు.

అక్కడ నిజంగా జరిగేది వేరు. ఏ ప్రమాదమూ లేకుండానే శరీరం ప్రమాదమనుకుని అడ్రినలిన్ వదులుతుంది, గుండె పరుగెడుతుంది, గబగబా తీసే ఊపిరి వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరిని చూసి భయం రెట్టింపవుతుంది. వైద్యులు ప్యానిక్ అటాక్ అనే ఈ స్థితి సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తరువాత తనంతట తానే దిగిపోతుంది. సరిగ్గా అప్పటికి సోడా కూడా అయిపోతుంది కనుక ఘనత మీకు దక్కుతుంది.

మీ పరువు అలాంటిది. గ్యాస్ ఉందన్న కారణంతో ఎవరి పెళ్ళీ ఆగలేదు. సెలవు చీటీలో మీ పేరు రాస్తే మేనేజరు తన గ్యాస్ గురించి కాసేపు చెప్పుకుని సంతకం పెడతారు. భయమని రాస్తే పని ఎగవేత కింద జమకడతారు.

మీ చాటున అసలైన గుండెపోటు కూడా దాక్కుంటుంది కనుక, ఛాతీ నొప్పి వచ్చినవారు సోడా కొట్టుకు కాక ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోవాలంటే మీరు నొచ్చుకోరని ఆశిస్తాను. చిక్కేమిటంటే, ఈసీజీ బాగుందనగానే "చూశావా, గ్యాసే" అని ఇంటివాళ్ళు మిమ్మల్నే మళ్ళీ గద్దెనెక్కిస్తారు. ఆపైన ఆ మనిషి బస్సు మానేస్తాడు, లిఫ్టు మానేస్తాడు, సినిమా హాల్లో తలుపు పక్క సీటు దొరికితేనే కూర్చుంటాడు, చివరకు బీసెంట్ రోడ్డు రద్దీలోకీ వెళ్ళడు. ఇలా తప్పుకున్న కొద్దీ భయం బలపడుతుంది. ఇంట్లో మాత్రం అతనిచేత మానిపించేది శనగపిండి, బంగాళాదుంప.

భయపడే చోటుకే మెల్లమెల్లగా మళ్ళీ వెళ్ళడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలీ మానస్ పేరుతో 14416 అనే ఫోన్ నంబరు కూడా పెట్టింది, తెలుగులోనే మాట్లాడవచ్చు. అయినా మా వీధిలో ఆ నంబరు కన్నా వాము డబ్బా ఎక్కడుందో ఎక్కువమందికి తెలుసు.

వచ్చే సోమవారం నేను సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యుణ్ణి కలుస్తున్నాను. మా అమ్మ ఒప్పుకుంది. అయితే పిన్నిగారు వాళ్ళు అడిగితే "గ్యాస్ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు" అని చెబుతానంది. అందుకు మీ పేరు వాడుకునే అనుమతిని దయచేసి ఇప్పించగలరు.

ఇట్లు,
మీ పేరిట చాలా సోడాలు తాగిన విధేయుడు