ఇటరేటర్ గారికి చివరి ఆయకట్టు నుంచి ఒక అర్జీ

ఇటరేటర్ గారికి,

జావా ప్రోగ్రాముల్లో లిస్టులోని పేర్లను వరసగా ఒక్కొక్కటే అందించే తమరికి మిర్యాలగూడ నుంచి నమస్కరించి వ్రాయునది.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు చాలనప్పుడు ఇక్కడ వారబందీ పెడతారు. వంతు అందరికీ తిరిగి, మళ్లీ మొదటివారి దగ్గరికే వస్తుంది. పార పట్టిన ప్రతి రైతుకూ తెలిసిన ఈ సంగతి తమరికి తెలియకపోవడం విచారకరం.

వంతులు చెప్పే చిన్న జావా ప్రోగ్రాం రాసి హాలియా, నిడమనూరు, త్రిపురారం, మిర్యాలగూడ అని నాలుగు పేర్ల అర్రేలిస్టు (వరస గడుల జాబితా) తమ చేతిలో పెట్టాను. మొదటి చుట్టు దివ్యంగా తిరిగారు. మిర్యాలగూడ పేరు పలకగానే తమరికి పెన్షన్ మంజూరైనట్టుంది! మళ్లీ నెక్స్ట్ అంటే 'నో సచ్ ఎలిమెంట్' (అలాంటిదేదీ లేదు) అనే ఎక్సెప్షన్, అంటే తప్పు జరిగిందన్న కబురు, మొహాన కొట్టారు. హాలియా ఎక్కడికీ పోలేదు స్వామీ, లిస్టులో గడుల లెక్క సున్నాతో మొదలు, ఆ సున్నా నంబరు గడిలోనే కూర్చుని ఉంది.

1998లో జావా 1.2తో కొలువులో చేరిన తమరు, 2004లో జావా 5 రాగానే లిస్టంతా తనే తిప్పే కొత్త ఫర్ లూపు చాటుకు వెళ్లారు. పని తమది, పేరు దానిది. ఆ లూపులో హాలియా వంతు నడుస్తుండగా లిస్టులోంచి నేరుగా హాలియాను తీసేస్తే 'కాంకరెంట్ మాడిఫికేషన్' (చదువుతుండగానే లిస్టు మార్చేశారు) అంటూ ఊరంతా వినబడేలా కేకలు వేస్తారు. మంచిదే, కాపలాదారు అరవాల్సిందే. మరి త్రిపురారం వంతులో త్రిపురారాన్నే తీసేస్తే ఆ రోషం ఏమైపోతుంది? అప్పటికి మూడు పేర్లు చదివారు, లిస్టులో మిగిలినవీ మూడే. లెక్క సరిపోయిందని, ఇంకా పేరుందా అని చూసే తమ హాస్‌నెక్స్ట్ చేతులు దులుపుకుంటుంది. కేక లేదు, ఎక్సెప్షన్ లేదు, మిర్యాలగూడ పేరు పలకనే లేదు. చివరి భూములకు నీళ్లు ఎగ్గొట్టే విద్య తమరు ఏ కాలువ గట్టున నేర్చారు?

పేరు తీసేసే తమ రిమూవ్ మెథడ్ ద్వారా అర్జీ పెట్టుకుంటే ఇలా జరగదని తెలుసు. అన్ని దారులూ తమ గుమ్మం ముందుకే రావాలన్నమాట.

చుట్టు పూర్తయిన ప్రతిసారీ లిస్టును అడిగి కొత్త ఇటరేటర్‌ను తెచ్చుకోవచ్చు. నాకు ఆ ఓపిక లేదు. ఇండెక్స్‌కు (గడి నంబరుకు) ఒకటి కలిపి, లిస్టు సైజుతో భాగించి, శేషం తీసుకుంటున్నాను. మూడు తర్వాత నాలుగు, నాలుగును నాలుగుతో భాగిస్తే శేషం సున్నా: హాలియా. లిస్టు ఖాళీ అయితే సున్నాతో భాగహారం పడి ఇదీ కూలుతుంది కాబట్టి లిస్టు ఖాళీయా అని ముందే ఈజ్‌ఎంప్టీని అడుగుతున్నాను. తమరి సెలవు చీటీ దీనికి జతచేయనవసరం లేదు.

ఇట్లు,
నాలుగో వంతుదారు