మచ్చ మాయమైతే మరమ్మతు బాగున్నట్టేనా?

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై కంకర టిప్పరు వెనకాల కాసేపు కారు నడిపినవారికి ముందు అద్దం మీద ‘టిక్’మనే ఆ శబ్దం కొత్త కాదు. రాయి చెక్కిన గుంటను పూడ్పించుకున్నాక మనలో చాలామంది చూసేది ఒక్కటే, మచ్చ ఇంకా కనబడుతోందా లేదా అని. పనిలోని మంచిచెడ్డలు తేల్చడానికి ఈ కొలత చాలదు, కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది.

ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల నడుమ పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక, రాయి తగిలితే సాధారణంగా పై పలక మాత్రమే పగులుతుంది. ఆ పగులులోని గాలిని లాగేసి, గాజుకు దగ్గరి వక్రీభవన గుణకం ఉన్న, అంటే కాంతిని దాదాపు గాజులాగే వంచే, పల్చని రెజిన్‌ను ఒత్తిడితో ఎక్కించి, అతినీలలోహిత దీపం కింద గట్టిపరచడమే మరమ్మతు. పగులు మెరుస్తూ కనిపించేది లోపలి గాలి వల్లనే కాబట్టి, గాలి పోతే మచ్చ కూడా చాలావరకు పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే గాలి చోటును నీళ్లు కూడా ఆక్రమించగలవు. కారు కడిగిన వెంటనే పనికి పెడితే తడిసిన పగులు అప్పటికే సగం కనబడకుండా పోయి ఉంటుంది; దాని మీద రెజిన్ ఎక్కిస్తే ఆ పూటకు ముచ్చటగానే ఉంటుంది గానీ, లోపలి తేమ రెజిన్‌ను గాజుకు సరిగా పట్టనివ్వక, రోజులు గడిచేకొద్దీ ఆ చోటు మసకబారుతుంది. చీము తీయకుండా పుండుకు కట్టు కట్టడం లాంటిదే ఇది.

అందుకే చేయి తిరిగిన పనివాడు రెజిన్ సీసా తెరవకముందే ఎక్కువ సేపు తీసుకుంటాడు. సూదితో గాజుపొడి తీసి, పగులును ఆరబెట్టి, లోపలి పలకకు దెబ్బ తగల్లేదని నిర్ధారించుకుంటాడు. నక్షత్రంలా చీలిన పగులులో కాళ్ల కొసలకు రెజిన్ చేరడమే అన్నిటికన్నా కష్టం, రేపు పగులు సాగేదీ ఆ కొసల నుంచే. పని చూసుకునేవారు నడిమి గుంటను వదిలి, అద్దాన్ని ఏటవాలుగా చూస్తూ ఆ కొసల్లో వెండి మెరుపు ఏమైనా మిగిలిందేమో వెతకాలి.

మన ఎండ మరో పరీక్ష. సూర్యకాంతిలోనూ అతినీలలోహిత కిరణాలుంటాయి కనుక ఆరుబయట పని మొదలుపెడితే రెజిన్ కొసలకు చేరకముందే గట్టిపడటం మొదలవుతుంది. కాలిన అద్దం వ్యాకోచించి పగులు అంచులు ఒకదానికొకటి నొక్కుకుంటే రెజిన్‌కు దారి ఉండదు. త్వరగా చల్లారాలని చన్నీళ్లు పోసినా, ఏసీ గాలి అద్దానికి తిప్పినా గుంట కాస్తా మూరెడు పగులవుతుంది. మే నెల మధ్యాహ్నం కడపలో కారును నీడన పెట్టించి, అద్దం దానంతటది చల్లబడేదాకా ఆగమన్నవాణ్ణి బద్ధకస్తుడనుకోవడం పొరపాటు. గుంటలో ఫెవిక్విక్ పోసుకునే ఇంటి వైద్యం గురించి చెప్పేదేముంది, అది ముందే బిగుసుకుపోయి తర్వాత వచ్చే అసలు రెజిన్‌కు అడ్డుపడుతుంది.

ఎంత బాగా చేసినా కొద్దిపాటి జాడ మిగులుతుంది. డ్రైవరు కంటి ఎదుట ఆ జాడ రాత్రిపూట ఎదురు లైట్లను చెదరగొడుతుంది. బ్రిటన్ వార్షిక వాహన తనిఖీలో స్టీరింగ్ ఎదుట 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో 10 మిల్లీమీటర్లు మించిన దెబ్బ, వైపర్లు తుడిచే మిగతా భాగంలో 40 మిల్లీమీటర్లు మించిన దెబ్బ ఉంటే కారు తప్పుతుంది. మన 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 100వ నిబంధన ముందు అద్దం గుండా కనీసం 70 శాతం కాంతి సాగాలంటుంది. చిన్న మచ్చ ఆ లెక్కకు అందకపోయినా కంటికి మాత్రం అడ్డమే.

అలాగని ప్రతి గుంటకూ అద్దమే మార్చమనే దుకాణాన్ని నమ్మలేం. కంపెనీలో పాలీయురిథేన్ జిగురుతో బిగించిన అద్దం కారు పైకప్పుకు బలమిస్తుంది, చాలా కార్లలో ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ దాన్ని ఆనుకునే విచ్చుకుంటుంది. ఆ అతుకును ఊడదీశాక కొత్త జిగురు పట్టేందుకు తయారీదారు చెప్పిన సమయం గడవకముందే తాళాలు చేతికిచ్చే దుకాణాన్ని, చిన్న మచ్చ మిగిల్చిన దుకాణం కన్నా ఎక్కువగా అనుమానించాలి.