మరమ్మతు బాధ్యత ఒకరిది, అధికారం ఇంకొకరిది

ఐఎన్ఎస్ సింధుకీర్తి 2006లో రిఫిట్ (విప్పి బాగుచేసే భారీ మరమ్మతు) కోసం విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు వచ్చింది. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ‘కిలో’ తరగతి జలాంతర్గామి అది. మూడేళ్లలో తేలిపోతుందనుకున్న పని తొమ్మిదేళ్లు సాగి, 2015లో గానీ అది నౌకాదళం చేతికి తిరిగి రాలేదు. 2006 నాటికి మన దగ్గర ఆ తరగతివి ఉన్నవే పది. అందులో ఒకటి దాదాపు దశాబ్దం పాటు సముద్రం ముఖం చూడలేదు. ఇంత ఆలస్యానికి జవాబుదారీ ఎవరు?

తప్పంతా షిప్‌యార్డ్ మీద వేయడం తేలిక. ఈ రకం జలాంతర్గామిని పూర్తిగా విప్పి బిగించడం దానికి కొత్త, ఆ లోటు ఉన్నమాటే. కానీ పని ఎన్ని చేతుల్లో ఉందో చూడండి. వాడేది నౌకాదళం. డిజైన్, విడిభాగాలు రష్యావి. డబ్బు మంజూరు చేయాల్సింది రక్షణ శాఖ. రిఫిట్ మొదలైనప్పుడు షిప్‌యార్డ్ ఏమో షిప్పింగ్ శాఖ కింద ఉంది, 2010లో గానీ రక్షణ శాఖ కిందికి రాలేదు.

రిఫిట్ అంటే రంగులు వేసి ఫిల్టర్లు మార్చడం కాదు. కిలో తరగతి జలాంతర్గామిలో రెండు గ్రూపులుగా 240 బ్యాటరీ సెల్స్ ఉంటాయి. ఒక్కొక్కటీ వందల కిలోల బరువు, ఇరుకు దారిలోంచి బయటికి తీయాలి. కేబుళ్లు, పైపులు, వాల్వులు విప్పి పరీక్షించాలి. లోపల తుప్పు ఎంత పట్టిందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. తెలిశాక పని పెరుగుతుంది. పెరిగిన పనికి కొత్త అంచనా, కొత్త మంజూరు, రష్యాకు కొత్త ఆర్డరు. ఫైలు ఢిల్లీలో తిరుగుతున్నంత కాలం విశాఖలో పనిముట్లు పక్కన పెట్టి కూర్చోవాల్సిందే. ఆ ఆలస్యం కూడా చివరికి షిప్‌యార్డ్ ఖాతాలోనే పడుతుంది.

సైన్యంలో బాధ్యతల పంపకం కాగితం మీద ఇంతకంటే చక్కగా ఉంది. మరమ్మతుల కోసమే 1943లో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) అనే ప్రత్యేక విభాగం పెట్టారు. దాని కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. రోజువారీ తనిఖీ వాహనం నడిపే సిబ్బందిది, చిన్న మరమ్మతు యూనిట్‌లోని మెకానిక్‌ది, పెద్దది ఫీల్డ్ వర్క్‌షాప్‌ది, మొత్తం ఓవర్‌హాలింగ్ బేస్ వర్క్‌షాప్‌ది. ఎవరి పని ఏదో అందరికీ తెలుసు. అయినా ట్యాంకుల ఓవర్‌హాలింగ్ వెనకబడుతోందని, విడిభాగాలు అందడం లేదని కాగ్ ఎత్తిచూపుతూనే వచ్చింది. వర్క్‌షాప్ మన సైన్యానిదే, స్పేర్లు ఇచ్చే ఫ్యాక్టరీ మాత్రం ఇంకొకరి కింద. సైన్యంలో సంస్కరణల కోసం రక్షణ శాఖ వేసిన షేకత్కర్ కమిటీ సిఫార్సుతో బేస్ వర్క్‌షాపుల నిర్వహణను ప్రైవేటు కాంట్రాక్టరుకు ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. స్పేర్లు సమయానికి రాకపోతే కాంట్రాక్టరు వచ్చి మాత్రం ఏం చేస్తాడు?

ఈ చీలిక ఎంత ప్రాణాంతకమో 2014 ఫిబ్రవరి 26న చూశాం. ముంబై తీరానికి దూరంగా ఐఎన్ఎస్ సింధురత్న అనే మరో కిలో తరగతి జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. అదే రోజు నౌకాదళాధిపతి అడ్మిరల్ డీకే జోషి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. ఆ జలాంతర్గామి బ్యాటరీల వయసు మీద, రిఫిట్లలో జాప్యం మీద పెద్ద చర్చే నడిచింది. అధికారం ఒకచోట, జవాబుదారీతనం ఇంకోచోట ఉన్నాయన్నది తర్వాతి రోజుల్లో జోషి చెప్పిన మాటల సారాంశం. మంజూరు చేసే కుర్చీల్లో ఉన్నవారిలో ఒక్కరూ ఆ రోజు పదవి వదులుకోలేదు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

మరో దారి ఉందని మన వాయుసేన ఒప్పందమే చూపింది. 2016లో 36 రఫేల్ విమానాలు కొన్నప్పుడు, వాటిలో కనీసం 75 శాతం ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండేలా చూసే పూచీ ఐదేళ్ల పాటు తయారీ కంపెనీదేనని రాసుకున్నారు. అంతకు కొన్నేళ్ల ముందు మన సుఖోయ్ యుద్ధవిమానాల్లో దాదాపు సగమే అందుబాటులో ఉండేవి. ఎన్ని భాగాలు మార్చారన్న బిల్లు కాకుండా, ఎన్ని విమానాలు సిద్ధంగా ఉన్నాయన్నదే లెక్క కావడం అసలు మార్పు. దీనికి ఖర్చు ఎక్కువే, విదేశీ కంపెనీ మీద ఆధారపడటమూ ఉంటుంది. అందుకే కొనేటప్పుడే మరమ్మతు పత్రాలు, డ్రాయింగులు కూడా అడిగి తీసుకోవాలి. తమ పరికరాలను తామే బాగుచేసుకునే హక్కు ఒప్పందాల్లో ఉండాలని అమెరికా సైన్యం కూడా 2025లో నిర్ణయించుకుంది.

విశాఖ షిప్‌యార్డ్ మాత్రం కష్టపడి నేర్చుకుంది. ఆ తర్వాత వచ్చిన సింధువీర్ జలాంతర్గామి రిఫిట్‌ను రెండేళ్ల పైచిలుకులో ముగించింది. 2023లో అదే సింధుకీర్తి రిఫిట్‌కు రూ.934 కోట్ల ఒప్పందం మళ్లీ ఈ షిప్‌యార్డ్‌కే దక్కింది. ఇలాంటి ప్రతి ఒప్పందంలోనూ రెండు ఏర్పాట్లు ఉండి తీరాలి. ఎక్కువ సమయం పట్టే విడిభాగాలు జలాంతర్గామిని విప్పకముందే స్టోర్‌లోకి రావాలి. పెరిగిన పనికి ఒక పరిమితి దాకా అక్కడికక్కడే మంజూరు చేసే అధికారి, ఢిల్లీలో కాదు, విశాఖలోనే కూర్చోవాలి. ఆలస్యమైతే మొదట అడగాల్సింది ఆయన్నే.