1233 నాటి ఆ ఉత్తరంలో పిల్లుల్ని చంపమని లేదు

చుట్టాల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పిల్లుల్ని పెంచుకునేవాళ్ళ గ్రూపులో అయితే తిరిగి తిరిగి వస్తూనే ఉంది. ఒకటే పోస్టు. నల్లపిల్లి బొమ్మ, వెనక ఒక పోప్, కింద పుర్రెలు. అందులో చెప్పేది ఇది:

"1233లో పోప్ తొమ్మిదో గ్రెగొరీ పిల్లులు సైతాను రూపాలని ప్రకటించి చంపమని ఆజ్ఞ వేశాడు. యూరప్‌లో పిల్లులు లేకుండా పోయాయి. ఎలుకలు పెరిగిపోయాయి. అందుకే 1347లో ప్లేగు వచ్చి మూడో వంతు జనం చచ్చిపోయారు. పిల్లులు ఉండి ఉంటే ప్లేగు వచ్చేదే కాదు."

పంపేవాళ్ళలో ఎక్కువమంది పిల్లుల్ని ప్రేమించేవాళ్ళే. మా మెట్ల కింద ఉండే మూడు పిల్లులకి రోజూ పెరుగన్నం పెట్టే మనిషిని కాబట్టి, మొదటిసారి చదివినప్పుడు నాకూ నచ్చింది. మూగజీవి ఉసురు తగిలిందన్న తృప్తి అందులో ఉంది. తర్వాత అసలు ఉత్తరంలో ఏముందో చదివాను. చదివాక ఈ పోస్టు కనిపించినప్పుడల్లా ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ "ఆజ్ఞ" సంగతి.

గ్రెగొరీ రాసిన ఉత్తరం పేరు 'వోక్స్ ఇన్ రామా'. పోప్‌ల ఉత్తరాలకి మొదటి మాటలే పేరు. మన తెలుగు బైబిల్లో "రామాలో అంగలార్పు" అని చదువుకునే వాక్యంతో అది మొదలవుతుంది. 1233 జూన్‌లో రాశాడు. లోకానికంతటికీ వేసిన చాటింపు కాదది. జర్మనీ రాజు హెన్రీకి, మైంజ్ ఆర్చిబిషప్‌కి, హిల్డెస్‌హైమ్ బిషప్‌కి, మార్బుర్గ్ కొన్రాడ్ అనే మతవిచారణాధికారికి పంపిన లేఖ. జర్మనీలో ఒక రహస్య బృందం సైతానుని కొలుస్తోందని కొన్రాడ్ పంపిన ఆరోపణల్నే పోప్ తిరిగి వర్ణించాడు. కొత్తగా చేరేవాడికి ముందు ఒక కప్ప కనిపిస్తుందట, దాన్ని ముద్దుపెట్టుకోవాలి. తర్వాత పాలిపోయిన, ఎముకల గూడులాంటి మనిషి వస్తాడు. వాణ్ణి ముద్దుపెట్టుకుంటే మంచులా చల్లగా తగిలి, పాత విశ్వాసమంతా మరుపున పడిపోతుంది. విందు అయ్యాక ఒక విగ్రహంలోంచి, తోక పైకెత్తుకుని, వెనక్కి నడుస్తూ నల్లపిల్లి దిగుతుంది. అందరూ దాని వెనక భాగాన్ని ముద్దాడతారు. దీపాలు ఆర్పేస్తారు. చివర్లో చీకటి మూలలోంచి నడుము పైన సూర్యుడిలా వెలిగే, నడుము కింద పిల్లిలా బొచ్చున్న మనిషి వస్తాడు.

ఉత్తరంలో పిల్లి ప్రస్తావన ఇంతే. పిల్లులన్నీ సైతానులని గానీ, వాటిని చంపమని గానీ ఒక్క వాక్యం లేదు. ఆ కప్ప గురించీ ఇలాగే రాశాడు. యూరప్‌లో కప్పల్ని నిర్మూలించారని మాత్రం ఎవరూ అనరు. పోప్ చర్య తీసుకోమన్నది ఆ పనులు చేస్తున్నారని ఆరోపణకు గురైన మనుషుల మీద.

నాకు కడుపు రగిలేది ఇక్కడే. ఈ పోస్టు పిల్లుల కోసం కన్నీళ్ళు పెట్టిస్తుంది, ఆ కథలో నిజంగా కాలిపోయినవాళ్ళని చెరిపేస్తుంది. కొన్రాడ్ విచారణ పద్ధతి ఇదీ: నేరం ఒప్పుకుంటే తల గొరిగి ప్రాయశ్చిత్తం, ఒప్పుకోకపోతే మంట. చెయ్యని నేరం ఒప్పుకోలేక ఎంతోమంది ఆ మంటల్లో పోయారు. చివరికి సైన్ అనే సీమకి ప్రభువైన హెన్రీ (రాజు హెన్రీ వేరు) మీద కూడా అభియోగం మోపాడు, ఎండ్రకాయ మీద స్వారీ చేశాడన్న మాటతో సహా. 1233 జులైలో మైంజ్‌లో బిషప్పులు, ప్రభువులు కూర్చుని ఆ ప్రభువు నిర్దోషి అని తేల్చారు. అక్కణ్ణుంచి ఇంటికి వెళుతుండగా జులై 30న కొందరు కొన్రాడ్‌ని దారికాచి చంపేశారు. పోప్ ఉత్తరం రాసి అప్పటికి రెండు నెలలైనా కాలేదు.

"యూరప్‌లో పిల్లులు లేకుండా పోయాయి" అన్నది రెండో ముక్క. దీనికి జవాబు నాకు చాలా ఇష్టమైన చోట దొరుకుతుంది, ఆ కాలపు చిట్టాపద్దుల్లో.

ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ కథీడ్రల్ ఉంది. 1305 నుంచి 1467 వరకు దాని లెక్కల పుస్తకాల్లో పిల్లి పద్దు కనిపిస్తుంది. ఎలుకల్ని పట్టినందుకు వారానికి ఒక పెన్నీ. ప్లేగుకి ముందూ ఉంది, ప్లేగు తర్వాతా ఉంది. పిల్లి సైతాను అని చర్చి నమ్మి ఉంటే బిషప్ కొలువుండే గుడి దానికి జీతం రాస్తుందా? ఆ కథీడ్రల్‌లో పెద్ద గడియారం కింద ఒక తలుపు ఉంది. దాని అడుగున పిల్లి దూరేందుకు కోసిన గుండ్రటి కన్నం ఈ రోజుకీ చూడొచ్చు. అదే 13వ శతాబ్దంలో, గదిలో ఒంటరిగా ప్రార్థనలో గడిపే సన్యాసినుల కోసం ఇంగ్లండ్‌లో ఒక నియమావళి రాశారు. అందులో ఏ జంతువునీ పెంచుకోవద్దని చెప్పి, ఒక్క పిల్లికి మాత్రం అనుమతి ఇచ్చారు. వేల్స్ చట్టాల్లో పిల్లికి ధర కట్టారు: కళ్ళు తెరిచేదాకా ఒక పెన్నీ, ఎలుకని పట్టేదాకా రెండు, పట్టాక నాలుగు. ఈ చట్టాల రాతప్రతులు మనకి దొరికేది 13వ శతాబ్దం నుంచే. 1420 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ ఊళ్ళో ఒక లేఖకుడు రాత్రి తెరిచి పెట్టిన పుస్తకం మీద పిల్లి ఉచ్చపోసింది. పాపం, ఆ పేజీలో అంత మేర వదిలేసి, పిల్లి బొమ్మ గీసి, దాన్ని తిట్టిపోసి, రాత్రిపూట పుస్తకాలు తెరిచి పెట్టకండని మిగతావాళ్ళని హెచ్చరించాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

పిల్లుల్ని చంపలేదని నేను అనడం లేదు. చంపారు, చాలానే చంపారు. కేంబ్రిడ్జ్‌లో ఒక పాత బావిలో 79 పిల్లుల ఎముకలు దొరికాయి, 13వ శతాబ్దానివి, కత్తిగాట్లతో. ఆ రోజుల్లో పిల్లి తోలుకి గిరాకీ ఉండేది. ఖరీదైన బొచ్చు కొనలేనివాళ్ళు పిల్లి బొచ్చు తొడిగేవారు. సన్యాసినులు గొర్రెపిల్ల, పిల్లి చర్మాలని మించిన బొచ్చు వేసుకోకూడదని 1127లోనే ఇంగ్లండ్ చర్చి సభ ఒకటి నియమం పెట్టింది. వాటి ప్రాణం తీసింది బొచ్చు వ్యాపారం. పైగా ఒక్క బావిలో 79 పిల్లులు దొరికాయంటే ఆ ఊళ్ళో పిల్లులకి కరువు లేదనే కదా అర్థం.

వేడుక కోసం పిల్లుల్ని హింసించిన మాటా నిజమే. బెల్జియంలోని ఈపర్ ఊళ్ళో గంటస్తంభం మీంచి బతికున్న పిల్లుల్ని కిందికి విసిరేవారు, ఆఖరిసారి 1817లో. ఇప్పుడు అదే పండక్కి గుడ్డ బొమ్మల్ని విసురుతున్నారు. పారిస్‌లో 17వ శతాబ్దంలో సెయింట్ జాన్ పండగ మంటల్లో పిల్లుల్ని కాల్చేవారు. చదువుతుంటే చెయ్యి వణుకుతుంది. కానీ ఇవన్నీ ప్లేగు తర్వాతి కాలంలో నమోదైన సంగతులు. వీటిని తీసుకెళ్ళి 1233లో పెట్టడం కుదరదు.

లెక్క కూడా చూడండి. 1233 నుంచి 1347కి 114 ఏళ్ళు. పిల్లి ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. మా వీధిలో రెండు పిల్లులు ఐదేళ్ళలో ఎన్నయ్యాయో నేను చూశాను.

ఇక ప్లేగు ఎక్కడ పుట్టింది? కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్‌కుల్ సరస్సు దగ్గరి సమాధుల్లో, 1338-39లో పోయినవాళ్ళ పళ్ళలో ప్లేగు బాక్టీరియా డీఎన్ఏ దొరికిందని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్కణ్ణుంచి నల్లసముద్రం రేవులకి, ఓడలెక్కి 1347 అక్టోబరుకి సిసిలీలోని మెస్సీనాకి చేరింది. జర్మనీలో పిల్లులు ఉన్నా లేకున్నా ఆ ఓడలు ఆగవు.

ఈ కథని ఒక్క దెబ్బతో కూల్చే సాక్ష్యం ఈజిప్టులో, సిరియాలో ఉంది. అక్కడ పోప్ మాట చెల్లదు. పిల్లి అక్కడ ఆదరం పొందిన జంతువు. 1277లో చనిపోయిన సుల్తాన్ బైబర్స్ కైరో పిల్లుల తిండి కోసం ఒక తోటనే రాసిచ్చాడని చెబుతారు. 1348లో ప్లేగు ఆ కైరోనే తుడిచిపెట్టింది. మన చరిత్ర పాఠాల్లో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో కనిపించే ఇబ్న్ బటూటా తిరుగు ప్రయాణంలో ఆ ఏడే డమాస్కస్‌లో ఉన్నాడు. ఊరంతా మూడు రోజులు ఉపవాసం ఉండి, ముస్లింలు ఖురాన్‌తో, యూదులు, క్రైస్తవులు తమ తమ గ్రంథాలతో, పసిపిల్లల్ని ఎత్తుకుని ఏడుస్తూ చెప్పుల్లేకుండా నడిచారని రాశాడు. రోజుకి రెండువేల మంది దాకా పోయారని కూడా రాశాడు. పిల్లులే అడ్డుగోడ అయితే డమాస్కస్ బతకాలి కదా.

చివరి ముక్క, "పిల్లులు ఉంటే ప్లేగు వచ్చేదే కాదు". ఇది ప్రమాదకరం కూడా.

ప్లేగు ఎలుక కరిస్తే రాదు. ఎలుక ఒంటిమీద నెత్తురు తాగే, ఎగిరి దూకే ఫ్లీ అనే చిన్న పురుగు దాన్ని మోస్తుంది. ఎలుక చస్తే ఆ పురుగు ఇంకో ఒళ్ళు వెతుక్కుంటుంది. మనిషి కావచ్చు, పిల్లి కావచ్చు. ఇది మొదట రుజువైంది 1898లో కరాచీలో. పాల్ లూయి సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు జబ్బు ఎలుకని గాజుపాత్రలో పెట్టి ప్రయోగం చేశాడు. దాని ఒంటిమీది ఫ్లీలు చాలవని, హోటల్లో తిరిగే పిల్లి ఒంటిమీంచి మరికొన్ని తీసి వదిలాడు. పిల్లి ఆ పురుగులకి ఎంత అనువైన ఇల్లో అక్కడే తెలుస్తోంది.

పిల్లికి ప్లేగు సోకుతుంది. కుక్క తట్టుకున్నంతగా పిల్లి తట్టుకోలేదు. జబ్బు ఎలుకని తింటే చాలు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో 1977 నుంచి 1998 వరకు పిల్లుల ద్వారా మనుషులకి వచ్చిన ప్లేగు కేసులు 23, మరణాలు 5. ఇది చదివి మీ పిల్లిని బయటికి నెట్టకండి, దయచేసి. ఇప్పుడు యాంటీబయాటిక్స్ ఉన్నాయి, ఫ్లీల మందు పశువైద్యుల దగ్గర దొరుకుతుంది. నేను చెప్పేది ఒక్కటే, ప్లేగు రోజుల్లో పిల్లి కూడా బాధితురాలే.

అవతలి వాదనలో కాస్త బలం ఉన్న మాటా చెప్పాలి. పిల్లులెక్కువున్న ఊళ్ళలో ప్లేగు తక్కువగా ఉందని, మన దేశంలో పనిచేసిన బుకనన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాదించాడు. గాదెలో, అటక మీద ఎలుకల్ని పిల్లి అదుపులో పెడుతుంది, నిజమే. కానీ 1347 నాటి మహమ్మారి అంత వేగంగా పాకడానికి ఎలుకల కంటే మనుషుల ఒంటిమీది ఫ్లీలు, పేలే ఎక్కువ కారణమని 2018లో ఓస్లో పరిశోధకులు లెక్కలు కట్టారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. వాళ్ళ మాటే నిలిస్తే, పిల్లికి అందులో చేయగలిగింది ఇంకా తక్కువ.

పోప్ ఉత్తరం, ప్లేగు, మూఢనమ్మకం, ఈ మూడూ నిజంగా కలిసిన చోటు ఒకటుంది. ఆ పోస్టులో అది లేదు. 1348లో యూదులు బావుల్లో విషం కలిపారని, ప్లేగు అందుకే వచ్చిందని పుకారు లేచింది. ఆ రోజుల్లో పోప్‌లు ఉంటున్న ఫ్రాన్స్ వైపు ఊరు అవిన్యోన్ నుంచి పోప్ ఆరో క్లెమెంట్ ఆ పుకారుకి వ్యతిరేకంగా ఉత్తరాలు రాశాడు. ఈ జబ్బు యూదుల్నీ చంపుతోంది, యూదులే లేని దేశాల్లోనూ చంపుతోంది, మరి వాళ్ళు కారణం ఎలా అవుతారు అని అడిగాడు. నేను డమాస్కస్ గురించి అడిగిన ప్రశ్నే అది.

ఎవరూ వినలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందలాది యూదుల్ని సజీవంగా కాల్చేశారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు ఇంకా రానే లేదు. తర్వాత వచ్చింది.