మా ఇంటి దశమ గ్రహం 70–200 లెన్స్ గారికి

చిరంజీవి అల్లుడుగారు 70–200 ఎఫ్ 2.8 గారికి, విజయవాడ నుంచి మీ మామగారు దీవించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, నా మెడ తప్ప. మీరు బీరువా పై అరలో, గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలచడమేమిటి, వారానికి రెండుసార్లు తేమ మీటరు చూసి రూఢి చేసుకుంటున్నాను కూడా. కృష్ణ ఒడ్డున ఊరు, పైగా వానాకాలం. డబ్బాలో తేమ అరవై శాతం దాటి అలాగే ఉండిపోతే మీ గాజు మీద బూజు పడుతుందని నా టెన్షన్. మా అమ్మ పెట్టిన ఆవకాయ జాడీకి కూడా ఈ ఇంట్లో ఇంత కాపలా లేదు.

అల్లుడుగారూ అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కట్నం ఇచ్చి తెచ్చుకున్నాం కదా, పద్దెనిమిది నెలల వాయిదాల్లో. వచ్చిన రోజు నుంచి మీరు పీట మీంచి దిగలేదు. ఎక్కడికెళ్లినా మీకు విడిగా సంచీ, విడిగా చోటు. మీకు ఎండ తగలకూడదు, దుమ్ము తగలకూడదు, చివరికి నా వేలు కూడా తగలకూడదు. జామాతా దశమ గ్రహః అన్న పెద్దాయనకు ఫొటోల పిచ్చి లేనట్టుంది, పదితో లెక్క ఆపేశాడు.

అసలు ఈ సంబంధం వెతుక్కునేంత అవసరం మాకేం లేదు. కెమెరాతో పాటే వచ్చిన 18–55 లెన్స్ ఇంట్లో ఉంది. రెండొందల గ్రాముల మనిషి. పెద్ద కోడలి లాంటిది. మూడేళ్లపాటు లేపాక్షి బసవన్న దగ్గర్నుంచి మా వాడి పుట్టినరోజు కేకు దాకా చెప్పిన పనల్లా చేసింది, ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడమే దాని కొంప ముంచింది. రాత్రి పన్నెండింటికి లెన్సుల్ని పరీక్షించే ఒక వీడియోలో ముక్కూమొహం తెలియని ఎవరో ఇటుక గోడను ఫొటో తీసి, మూలనున్న ఇటుకను పెద్దది చేసి, ‘చూశారా, ఇక్కడ మసకగా ఉంది’ అంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. పుట్టి బుద్ధెరిగి నాకు ఇటుక గోడ ఫొటో తీయాలని ఎప్పుడూ అనిపించలేదు. అయినా ఆ రాత్రి మా పెద్ద కోడలి మూల ఇటుక మసకగా కనబడింది. ఉన్నది చాలక కొత్త సామాను కొనాలనిపించే ఈ జబ్బుకు కెమెరాల వాళ్లు గేర్ అక్విజిషన్ సిండ్రోమ్ అని పేరు పెట్టి, ముద్దుగా గ్యాస్ అంటారు. మా ఆవిడ దగ్గర ఆ మాట అంటే, ‘మొన్ననే కదండీ సిలిండర్ వచ్చింది’ అంది.

మీ గొప్పతనం తెలియక రాస్తున్నాననుకోకండి. మీ పేరులో 70–200 అంటే మిల్లీమీటర్లలో మీ ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనబడతాయి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే కిటికీ అంత పెద్దది. 200ని 2.8తో భాగిస్తే 71 చిల్లర. అంటే దూరం చివరికి వెళ్లినా 71 మిల్లీమీటర్ల కిటికీ తెరిచి పెడతానని మీరు మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ముందు అంత పెద్ద గాజు, దానికి 77 మిల్లీమీటర్ల మూత, లోపల ఇరవై దాకా గాజు బిళ్లలు, వాటిని కదిపే మోటారు, అన్నీ కలిపి కిలోన్నర. మీ తమ్ముడు ఎఫ్ 4 గారికి 50 మిల్లీమీటర్ల కిటికీ చాలు కాబట్టి ఆయన బరువు మీలో సగం. ఇద్దరికీ తేడా ఒక్క స్టాపు, అంటే వెలుతురులో రెట్టింపు. మీరు సెకనులో 250వ వంతులో పట్టే వెలుతురు పట్టడానికి ఆయనకు 125వ వంతు కావాలి, అంతే. ధరలో తేడా మాత్రం మా ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు.

సరే, సంక్రాంతి సెలవుల్లో హంపీ బయల్దేరాం. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున హొస్పేట. సంచీలో పులిహోర డబ్బా పెట్టే చోట మీరు కూర్చున్నారు. డబ్బాను ప్లాస్టిక్ కవర్లో వేసి మా ఆవిడ ఒళ్లో పెట్టుకుంది. మిమ్మల్ని సీటు కింద పెడితే ఎవరైనా కొట్టేస్తారని తల కింద పెట్టుకుని పడుకున్నాను. గుంటకల్లు వచ్చేసరికి మెడ పట్టేసింది. పెద్ద కోడల్ని ఇంట్లోనే వదిలేశాను. మీరుండగా అదెందుకు అనుకున్నాను. ఇది నేను చేసిన మొదటి తప్పు కాదు గానీ, ఖరీదైనది ఇదే.

విఠలాలయంలో మీ మూడుకాళ్ల స్టాండును (ట్రైపాడ్) గేటు దగ్గరే ఆపేశారు. రక్షిత కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలట. అది పాత రూలే, తెలుసుకోకపోవడం నా తప్పు. కానీ ఆ రెండు కిలోల స్టాండు కూడా మిమ్మల్ని కూర్చోబెట్టడానికి తెచ్చిందే కదా. లోపలికి వెళ్తే రాతిరథం. నా కెమెరాలో బొమ్మ పడే చిప్పు, అదే సెన్సర్, చిన్నది. అందుకని మీ 70 దాని మీద 105 లాగా పనిచేస్తుంది. పది మీటర్ల దూరంలో నిలబడితే మీకు అడ్డంగా కనబడేది మూడున్నర మీటర్లలోపే. ఒక చక్రం వచ్చింది. వెనక్కి జరిగాను, చక్రంతో పాటు ఏనుగు తొండం వచ్చింది. ఇంకా వెనక్కి జరిగాను, నాకూ రథానికీ మధ్య ఒక హైస్కూల్ విహారయాత్ర మొత్తం వచ్చింది. మా వాడు నా జేబులోంచి 50 రూపాయల నోటు తీసి దాని వెనక బొమ్మ చూపిస్తూ, ‘నాన్నా, ఇందులో మొత్తం రథం ఉంది కదా, ఇది ఏ లెన్స్‌తో తీశారు?’ అన్నాడు. వాడు అమాయకంగానే అడిగాడని నమ్ముతున్నాను.

ఇదే రథాన్ని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి ఫొటో తీశాడు. కాగితానికి మైనం పట్టించి, దాని మీద నెగటివ్ తయారుచేసుకునే కాలం అది. ఆయన ఫొటోలో రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంటుంది. ఇప్పుడు అక్కడికెళ్తే కనబడదు, ఆ తర్వాత ఎప్పుడో తీసేశారు. ఆయన సామాను ముందు మీ కిలోన్నర ఒక లెక్కే కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మోసిన బరువు మనకు ఒక శిఖరాన్ని మిగిల్చింది. మనిద్దరం కలిసి మిగిల్చింది ఒక చక్రం.

మిట్టమధ్యాహ్నం ఆ బండరాళ్ల మధ్య తిరుగుతుంటే ఇంకో సంగతి తట్టింది. సెన్సర్ వెలుతురుకు స్పందించే లెక్క ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 400వ వంతు, కిటికీ ఎఫ్ 8. మబ్బులేని ఎండలో ఎవరు తీసినా దాదాపు ఇదే లెక్క. ఎఫ్ 2.8కి వాయిదాలు కట్టి రోజంతా ఎఫ్ 8లో తీశాను. పట్టపగలు పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని ఊరేగినట్టయింది. ఆ ఊరేగింపును జనం బాగానే గుర్తించారు. కొబ్బరిబోండాల అతను, ‘ఏ ఛానెల్ సార్?’ అని అడిగి బోండానికి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. కోతులు కూడా మీ హోదాను గుర్తించాయి. అంత పొడవు సంచీలో అరటిగెల తప్ప ఇంకేముంటుందని వాటి అనుమానం.

తుంగభద్రలో పుట్టి ఎక్కినప్పటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సరదా కోసం పుట్టి అతను గిరగిరా తిప్పాడు. మా వాడు కేకలు, మా ఆవిడ నవ్వులు. ఆమె అంతలా నవ్వగా చూసి చాలాకాలమైంది. ఫొటో తీద్దామని మిమ్మల్ని ఎత్తాను. ఎదురుగా మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషి మీ కళ్లకు ఆనలేదు. నాలుగడుగుల లోపలి మనుషులు మీకు కనబడరట. అల్లుడుగారికి దూరపు చుట్టాలంటేనే ఇష్టం. ఈ గొడవలో మీ మూత జారి నీళ్లలో పడింది. విజయనగరం కాలం నాటి నాణేలేమైనా ఆ అడుగున ఉంటే, వాటి పక్కన ఇప్పుడు 77 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. పురావస్తు శాఖవారు ఏ వంశానిదని తేలుస్తారో చూడాలి.

మీరు చేసిన ఒక్క మంచి పని కూడా చెప్పకపోతే పాపం. మాతంగ కొండ మీద సూర్యోదయం. చీకట్లో టార్చి వేసుకుని, చేతులూ కాళ్లూ వాడి ఎక్కాం. కింద అచ్యుతరాయ ఆలయం, దాని వెనక బండలు, ఆ వెనక ఇంకా బండలు, మధ్యలో పలచగా మంచు. 200 దగ్గర పెట్టి చూస్తే ఆ దూరాలన్నీ దగ్గరగా జరిగి ఒకదాని మీద ఒకటి దుప్పట్లు మడత పెట్టినట్టు కనబడ్డాయి. ఆ ఫొటో పెద్ద కోడలి వల్ల కాదు, ఫోను వల్ల అసలే కాదు. హాల్లో దాన్నే ఫ్రేము కట్టించాం. అయితే అంతకు ముందురోజు గాలిలో కెమెరా నోరు తెరిచి మిమ్మల్ని బిగించినప్పుడు సెన్సర్ మీద దుమ్ము పడింది. ఆకాశంలో ఎడమవైపు నల్లటి చుక్క. మా అత్తగారు అది గద్ద అనుకుంటోంది. నేనూ గద్దే అన్నాను.

ఇక విరూపాక్షాలయం. గర్భగుడి వెనకవైపు మెట్లెక్కితే చీకటి గది. గోడకు చిన్న రంధ్రం. అందులోంచి వచ్చిన వెలుతురు ఎదుటి గోడ మీద రాజగోపురాన్ని తలకిందులుగా నిలబెడుతుంది. వెలుతురు తిన్నగా పోతుంది కాబట్టి గోపురం శిఖరం నుంచి వచ్చిన కిరణం రంధ్రం దాటి కిందికి దిగుతుంది, మొదలు నుంచి వచ్చింది పైకెక్కుతుంది. కెమెరా అంటే ఇంతే. గాజు లేదు, మోటారు లేదు, మూత పోతుందన్న బెంగ లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లలేదు. గైడు తెలుగులోనే వివరిస్తున్నాడు. వెనక జనం తోస్తున్నారు. మిమ్మల్ని ఎత్తి గురిపెడితే గోడ మీద మూరెడు ముక్క, అదీ వణుకుతూ కనబడింది. గైడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, మా ఆవిడ ఫోను తీసుకుని, ఒక్క అడుగు పక్కకు జరిగి మొత్తం గోపురాన్ని తీసిచ్చాడు. ‘సార్, మీది పెళ్లిళ్లకు బాగుంటది’ అన్నాడు.

మొదట కోపం వచ్చింది. రైల్లో గుంటకల్లు దాటాక ఆలోచిస్తే కోపం పోయింది. అసలు విషయం ఇదే, ఇందుకే ఈ ఉత్తరం.

మా వీధి చివర స్టూడియో కుర్రాడు మిమ్మల్ని మూడు రోజులకు అద్దెకు అడిగాడు. గుడివాడలో పెళ్లి, రాత్రి రెండు గంటల ముప్పై ఏడు నిమిషాలకు ముహూర్తం. పెళ్లిళ్లలో జరిగేది మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు ఫొటోల వాళ్లందరూ మండపం చుట్టూ గోడ కడతారు. ముందువరసలో కూర్చున్న ముసలమ్మలకు వాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడవు. పెళ్లి చూడ్డానికి వచ్చి, వారం తర్వాత ఆల్బమ్‌లో చూసుకుంటారు. మీరుంటే ఆ కుర్రాడు కుర్చీల వెనక నిలబడి తీసుకోవచ్చు. అక్కడ మండపం దూరంగా ఉంటుంది, ఎండ ఉండదు, దూరపు చుట్టాలు కావలసినంత మంది. ఎఫ్ 2.8 అని మీరిచ్చిన మాట అక్కడ అక్కరకొస్తుంది.

కొత్త మూత కొన్నాను. ముందు తగిలించే ఎండ గొడుగు లాంటి హుడ్‌ను తిరగేసి బిగించాను. సిలికా జెల్ పక్కనే ఉంది. ఏసీ కారులోంచి దిగగానే బయటికి తీస్తే గాజుకు ఆవిరి పడుతుందని, కాసేపు సంచీలోనే ఉంచమని కుర్రాడికి రెండుసార్లు చెప్పాను. సాంబారు బకెట్ వచ్చినప్పుడు మాత్రం దూరంగా ఉండండి.

ఇట్లు,
మీ మామగారు

తా.క.: వచ్చే నెల మళ్లీ లేపాక్షి వెళ్తున్నాం. పెద్ద కోడలు వస్తోంది. మీ సంచీలో పులిహోర డబ్బా సరిగ్గా పట్టింది.