సీఐ చెక్ చేసి చెప్పాలి, నా బ్రాంచ్‌లో కమిట్ చేయకూడదు

ఈ మధ్య ఏ రెపో (ప్రాజెక్ట్ కోడ్ అంతా ఉండే చోటు) తెరిచినా, సీఐ (కోడ్ పంపిన ప్రతిసారీ టెస్టులూ చెక్‌లూ దానంతటదే నడిపే ఏర్పాటు) ఏం చేయాలో రాసే వర్క్‌ఫ్లో ఫైల్ చివర ఒక స్టెప్ కనిపిస్తోంది. ఫార్మాటర్ (కోడ్‌లో స్పేస్‌లూ కామాలూ సర్దే టూల్) నడుపు, ఫైళ్లు ఏమైనా మారితే నువ్వే కమిట్ చేసి (మార్పుని రికార్డు చేసి) అదే బ్రాంచ్‌కి (డెవలపర్ విడిగా పనిచేసుకునే కాపీకి) పుష్ చేసెయ్, అంటే పంపెయ్. దీనికి రెడీమేడ్ యాక్షన్లు (వర్క్‌ఫ్లోలో పెట్టుకునే తయారు స్టెప్పులు) దొరుకుతాయి, నాలుగు లైన్లు పేస్ట్ చేస్తే పని అయిపోతుంది, టీమ్ మీటింగ్‌లో చూపిస్తే అందరూ బాగుంది అంటారు. నాకు మాత్రం ఇది చాలా చెడ్డ అలవాటు అనిపిస్తోంది, ఎందుకో వివరంగా రాస్తున్నా. పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను చెప్పేది ఒక్కటే. సీఐ పని చెక్ చేయడం. కోడ్ బాగోలేకపోతే ఎక్కడ బాగోలేదో, ఏం చేస్తే బాగవుతుందో చూపించి అక్కడ ఆగిపోవాలి. మనిషి రాసిన బ్రాంచ్‌లోకి వచ్చి, ఏ మనిషీ చూడని మార్పుని తనే కమిట్ చేసి, దానికి తనే గ్రీన్ టిక్ పెట్టకూడదు.

నాకు బాగా కోపం తెప్పించిన సంగతి ముందు చెప్తా. నేను పనిచేసిన ఒక చోట ఇన్వాయిస్ పేజీకి స్నాప్‌షాట్ టెస్టులు ఉండేవి. స్నాప్‌షాట్ అంటే తెలియని వాళ్ల కోసం: ఒక కాంపోనెంట్ (పేజీలో ఒక భాగం) స్క్రీన్ మీద ఏం చూపిస్తుందో అదంతా ఒక ఫైల్‌లో దాచిపెడతాం, తర్వాత ఎప్పుడు టెస్ట్ నడిపినా కొత్త అవుట్‌పుట్‌ని దాంతో పోలుస్తుంది, తేడా ఉంటే ఫెయిల్. జెస్ట్ అనే టెస్ట్ టూల్‌లో మైనస్ యూ అనే ఫ్లాగ్ ఇస్తే పాత ఫైల్‌ని కొత్త అవుట్‌పుట్‌తో తిరగరాసేస్తుంది. "ప్రతిసారీ స్నాప్‌షాట్లు అప్‌డేట్ చేయడం మర్చిపోతున్నారు, పీఆర్లు (మార్పుల్ని అసలు కోడ్‌లో కలపమని పెట్టే పుల్ రిక్వెస్టులు) ఆగిపోతున్నాయి" అని ఎవరో ఆ ఫ్లాగ్‌ని సీఐలో పెట్టారు, దాని కిందే ఆటో కమిట్ స్టెప్ పెట్టారు. ఒక కుర్రాడు తేదీలు, నంబర్లు ఫార్మాట్ చేసే ఫంక్షన్లన్నీ ఒక ఫైల్‌లోకి చేర్చాడు, నిజానికి ఎప్పుడో చేయాల్సిన పనే, ఆ సర్దడంలో ఒకచోట లొకేల్ (ఏ దేశం పద్ధతిలో రాయాలో చెప్పే సెట్టింగ్) ఈఎన్-ఐఎన్ ఉండాల్సింది ఈఎన్-యూఎస్ అయింది. దాంతో లక్షా పాతికవేలు 1,25,000 అని రావాల్సిన చోట 125,000 అని వచ్చింది. ఆ టెస్ట్ రాసిందే ఇలాంటిది పట్టుకోవడానికి. బాట్, అంటే ఆ ఆటో కమిట్ స్టెప్, ఏం చేసింది? కొత్త అవుట్‌పుట్‌నే సరైన సమాధానంగా రాసేసుకుని, "అప్‌డేట్ స్నాప్‌షాట్స్" అని కమిట్ చేసి వెళ్లిపోయింది. రివ్యూ చేసిన ఆవిడ అప్పటికే కోడ్ చూసి అప్రూవ్ చేసేసింది, కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ రద్దయ్యే సెట్టింగ్ ఆ రెపోలో పెట్టలేదు. కస్టమర్ ఫోన్ చేసి అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. తర్వాత ఆ కుర్రాణ్ని పిలిచి టెస్టులు చూసుకోలేదా అని నిలదీశారు. చూసుకున్నాడు, సీఐలో అన్నీ పాస్ అయినట్టే ఉంది. తప్పు చూపించాల్సిన టెస్ట్ నోరు మూయించి, నువ్వెందుకు చూడలేదు అని మనిషిని అడగడం అన్యాయం. నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

సరే, స్నాప్‌షాట్లు వేరు, మేము ఫార్మాటింగ్ మాత్రమే ఆటో కమిట్ చేస్తాం అంటారు. స్పేస్‌లూ కామాలూ మారితే కొంప మునిగేదేముంది అంటారు. చూద్దాం.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ వాళ్ల సీఐలో) ప్రతి జాబ్‌కీ గిట్‌హబ్ టోకెన్ (రెపోకి తాళంచెవి లాంటిది) ఒకటి దానంతటదే వస్తుంది, జాబ్ అయిపోగానే చచ్చిపోతుంది. ఆ టోకెన్‌తో పుష్ చేస్తే ఆ పుష్ వల్ల కొత్త వర్క్‌ఫ్లో మొదలవ్వదు. ఇది బగ్ కాదు, ఒక రన్ ఇంకో రన్‌ని పుట్టిస్తూ అంతులేకుండా తిరగకూడదని కావాలనే అలా పెట్టారు. దాని ఫలితం ఏంటంటే, బాట్ పెట్టిన చివరి కమిట్ మీద ఒక్క చెక్ కూడా నడవదు. మెయిన్ బ్రాంచ్‌కి (ప్రాజెక్ట్ అసలు కోడ్‌కి) రిక్వైర్డ్ చెక్స్ (పాసైతేనే మెర్జ్ అయ్యే, అంటే కలిపే, చెక్‌లు) పెట్టుకున్న వాళ్లకి పీఆర్ అక్కడే ఇరుక్కుంటుంది, స్టేటస్ కోసం ఎదురుచూస్తున్నాం అని పసుపు చుక్క కనిపిస్తూనే ఉంటుంది, ఆ స్టేటస్ ఎప్పటికీ రాదు. పాపం కొత్తవాళ్లు పేజీ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చుంటారు. చివరికి ఎవరో సీనియర్ వచ్చి "పీఆర్ క్లోజ్ చేసి మళ్లీ ఓపెన్ చెయ్", లేదా "ఖాళీ కమిట్ ఒకటి పుష్ చెయ్" అని చెప్తారు. టైమ్ ఆదా చేస్తుందని పెట్టుకున్న స్టెప్ ఇది!

దీన్నుంచి బయటపడటానికి జనం చేసే పని ఇంకా భయంకరం. ఎవరో ఒకరి అకౌంట్ నుంచి పర్సనల్ యాక్సెస్ టోకెన్ తీసి సీక్రెట్స్‌లో (సీఐ రహస్య కీలు దాచే చోట) పెడతారు, దాంతో పుష్ చేస్తే చెక్స్ నడుస్తాయి. నడుస్తాయి, నిజమే. కానీ జాబ్‌తో పాటు పోయే టోకెన్ బదులు నెలలకొద్దీ బతికే టోకెన్, చాలాసార్లు ఆ మనిషికి ఉన్న అన్ని రెపోల మీదా రాసే అధికారంతో, ఒక ఫార్మాటర్ కోసం సీఐలో పెట్టారన్నమాట. ఇది కోరి కొరివితో తల గోక్కోవడమే. పైగా గిట్‌హబ్ వాళ్లు ఆపిన లూప్‌ని మనమే మళ్లీ తెరిచాం. ఫార్మాటర్ అయితే రెండోసారి నడిపినప్పుడు మార్పులేమీ ఉండవు కాబట్టి ఆగిపోతుంది, అదే డాక్యుమెంటేషన్ జనరేట్ చేసే టూల్ ఫైల్ పైన "జనరేట్ చేసిన సమయం" అని ఒక లైన్ రాస్తే? ప్రతి రన్‌లో ఫైల్ మారుతుంది, ప్రతి మార్పుకీ కమిట్, ప్రతి కమిట్‌కీ రన్. అప్పుడు స్కిప్ సీఐ అని కమిట్ మెసేజ్‌లో పెట్టమంటారు, గిట్‌హబ్ 2021 నుంచి దాన్ని గుర్తిస్తోంది. అది పెడితే రిక్వైర్డ్ చెక్స్ మళ్లీ రావు. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

ఓపెన్ సోర్స్‌లో ఇది ఇంకా ఘోరం, ఇక్కడ నాకు నిజంగా బాధేస్తుంది. ఫోర్క్ (బయటివాళ్లు తమ అకౌంట్‌లోకి చేసుకున్న రెపో కాపీ) నుంచి వచ్చిన పీఆర్‌కి టోకెన్ రీడ్-ఓన్లీగానే, అంటే చదవడానికి మాత్రమే, వస్తుంది. రావాలి కూడా, ఎవరో తెలియని మనిషి కోడ్ నడుస్తున్నప్పుడు రాసే అధికారం ఎలా ఇస్తారు. కానీ వర్క్‌ఫ్లో రాసినవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. మొట్టమొదటిసారి ఒక ప్రాజెక్ట్‌కి పీఆర్ పెట్టిన స్టూడెంట్‌కి, డాక్యుమెంటేషన్‌లో ఒక అక్షర దోషం సరిచేసినందుకు, ఎర్ర గుర్తు వస్తుంది. లాగ్ తెరిస్తే గిట్‌హబ్ యాక్షన్స్ బాట్‌కి పర్మిషన్ లేదు, 403 అని ఉంటుంది. ఆ పిల్లకి దాంట్లో ఏం అర్థమవుతుంది? తనే ఏదో పాడుచేసిందనుకుని పీఆర్ క్లోజ్ చేసుకుని పోతుంది. మన కాలేజీల నుంచి హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఏటా అక్టోబర్‌లో జరిగే ఓపెన్ సోర్స్ కార్యక్రమం) అని ఉత్సాహంగా వచ్చిన పిల్లల్లో ఇలా వెనక్కి వెళ్లిన వాళ్లని చూశాను, వాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు.

దీనికీ ఒక "పరిష్కారం" తిరుగుతుంటుంది, పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ఈవెంట్ వాడమని. దయచేసి వాడకండి. ఆ ఈవెంట్‌లో వర్క్‌ఫ్లో అసలు రెపో అధికారంతో నడుస్తుంది, సీక్రెట్లన్నీ అందుబాటులో ఉంటాయి. అందులో ఫోర్క్ కోడ్‌ని చెక్‌అవుట్ చేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (లైబ్రరీలు దించే కమాండ్) కొట్టారంటే, పీఆర్ పెట్టినవాడు తన ప్యాకేజ్ ఫైల్‌లో పోస్ట్ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌గా (ఇన్‌స్టాల్ అయ్యాక దానంతటదే నడిచేది) ఏం రాస్తే అది మీ టోకెన్‌తో నడుస్తుంది. ఫార్మాటింగ్ కామా కోసం ఇల్లంతా తాళం తీసి పెట్టడం అవసరమా?

భయపెట్టడానికి రాయట్లేదు, జరిగిందే చెప్తున్నా. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌ని దాడి చేసినవాళ్లు చేజిక్కించుకున్నారు. అది చేసే పని చాలా చిన్నది, పీఆర్‌లో ఏ ఫైళ్లు మారాయో జాబితా ఇస్తుంది, అంతే. అప్పటికి 23,000కి పైగా రెపోలు దాన్ని వాడుతున్నాయి. దాని వెర్షన్ ట్యాగులన్నిటినీ ఒక చెడ్డ కమిట్ వైపు తిప్పేశారు, అది రన్నర్ (జాబ్ నడిచే మెషీన్) మెమరీలో ఉన్న సీక్రెట్లని తీసి బిల్డ్ లాగ్‌లో పోసింది, పబ్లిక్ రెపో అయితే ఆ లాగ్ లోకమంతా చదవచ్చు. దానికి సెక్యూరిటీ లోపాల జాబితాలో సీవీఈ-2025-30066 అని నంబర్ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆలోచించండి, అదే జాబ్‌లో ఆటో కమిట్ కోసం పెట్టిన పర్సనల్ టోకెన్ ఉంటే ఏమవుతుందో. గిట్‌హబ్ టోకెన్ అయితే కాసేపట్లో పోతుంది, ఆ పర్సనల్ టోకెన్ పోదు. ఎవరో ఒకరు చూసి రద్దు చేసేదాకా బయటివాడి చేతిలో ఉంటుంది. బయటి యాక్షన్లని ట్యాగ్‌తో (ఎటైనా తిప్పగల వెర్షన్ పేరుతో) కాదు, పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ ఒక్క కమిట్‌కే ఉండే గుర్తుతో) పిన్ చేయండి అని అప్పటినుంచీ అందరూ మొత్తుకుంటున్నారు, ఇప్పటికీ ఎన్నో రెపోల్లో ఎట్-వీ-ఏదో అని ట్యాగే ఉంటుంది.

గిట్‌హబ్ వాళ్లకీ ఈ ప్రమాదం తెలుసు. 2023 ఫిబ్రవరిలో కొత్త ఆర్గనైజేషన్లకి, కొత్త పర్సనల్ రెపోలకి ఈ టోకెన్‌ని డిఫాల్ట్‌గా రీడ్-ఓన్లీ చేశారు. మనం ఏం చేస్తున్నాం? ఎర్రర్ రాగానే వెతికి, కంటెంట్స్ రైట్ అని ఒక లైన్ కలిపి, పనిచేసింది హమ్మయ్య అనుకుంటున్నాం. కొందరైతే జాబ్‌కి కాదు, మొత్తం వర్క్‌ఫ్లోకే పైన పెట్టేస్తున్నారు. చెక్‌అవుట్ యాక్షన్ (జాబ్‌లోకి రెపో కోడ్ దించే స్టెప్) కూడా, మనం ప్రత్యేకంగా వద్దంటే తప్ప, టోకెన్‌ని తర్వాతి స్టెప్పులకి అందేలా ఉంచుతుంది. అంటే లింటర్ (కోడ్‌లో లోపాలు చూపే టూల్), టెస్టులు, వాటి వందలాది డిపెండెన్సీలు అన్నీ ఆ అధికారం పక్కనే నడుస్తున్నాయి.

ఇక రోజువారీ తలనొప్పి సంగతి. నేను పుష్ చేసి ఇంకో ఫైల్ మీద పని చేసుకుంటుంటా, ఈలోపు బాట్ నా బ్రాంచ్‌లో కమిట్ పెట్టేస్తుంది, తర్వాత నేను పుష్ చేస్తే రిజెక్ట్, రిమోట్‌లో నీ దగ్గర లేనిది ఉంది అంటుంది. పుల్ చేసి రీబేస్ చేస్తే (బాట్ కమిట్ దించుకుని దాని మీద నా కమిట్లు పేర్చితే) నేను ఇప్పుడే మార్చిన లైన్లే బాట్ కూడా ఫార్మాట్ చేసి ఉంటుంది, కాన్‌ఫ్లిక్ట్. విసుగొచ్చి ఫోర్స్ పుష్ (రిమోట్‌లో ఉన్నదాని మీద రాసేయడం) కొడితే బాట్ కమిట్ పోతుంది, బాట్ మళ్లీ పెడుతుంది. నా సొంత బ్రాంచ్‌లో నేను బాట్‌తో పోటీ పడాలా?

బ్లేమ్ (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే గిట్ కమాండ్) చూస్తే సగం లైన్ల పక్కన బాట్ పేరు. బ్లేమ్‌లో ఏ కమిట్లు పట్టించుకోవద్దో రాసే ఇగ్నోర్ రెవ్స్ ఫైల్ ఉంది కదా అంటారు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఉంది, మంచిదే, కానీ అది రెపో మొత్తాన్ని ఒక్కసారి ఫార్మాట్ చేసిన పెద్ద కమిట్‌ని పక్కన పెట్టడానికి పనికొస్తుంది, ప్రతి పీఆర్‌లో రెండేసి బాట్ కమిట్లు పడుతుంటే ఆ ఫైల్‌లో ఎన్ని హ్యాష్‌లు రాస్తాం. మేము స్క్వాష్ మెర్జ్ (పీఆర్‌లోని కమిట్లన్నీ ఒక్కటిగా కలపడం) చేస్తాం, అవేవీ కనిపించవు అనేవాళ్లు ఒకటి గమనించాలి: అప్పుడు బాట్ చేసిన మార్పు మనిషి చేసిన మార్పులో కలిసిపోతుంది. పైన చెప్పిన కుర్రాడి విషయంలో అదే జరిగింది, మెయిన్‌లో చూస్తే ఆ స్నాప్‌షాట్ మార్చింది అతనే అన్నట్టు ఉంది.

మరి ఎలా చేయాలి? దీన్ని కుబర్నెటిస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఏళ్ల క్రితమే చక్కగా తేల్చేసింది. వాళ్ల రెపోలో హ్యాక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో స్క్రిప్టులు జంటలుగా ఉంటాయి, టూల్‌తో పుట్టించే కోడ్‌ని మళ్లీ రాసే అప్‌డేట్-కోడ్‌జెన్ ఒకటి, అది సరిగ్గా ఉందో లేదో చూసే వెరిఫై-కోడ్‌జెన్ ఇంకొకటి. సీఐ వెరిఫై మాత్రమే నడుపుతుంది. ఫెయిలైతే డెవలపర్ తన మెషీన్‌లో అప్‌డేట్ నడిపి, ఏం మారిందో చూసుకుని, తనే కమిట్ చేస్తాడు. అంత జనరేటెడ్ కోడ్ ఉన్న, అంతమంది పనిచేసే ప్రాజెక్టే ఇలా నడుస్తుంటే, పదిమంది ఉన్న మన టీమ్‌కి ఆటో కమిట్ లేకపోతే కుదరదు అనడం నేను ఒప్పుకోను.

యాక్షన్లు రాయడానికి గిట్‌హబ్ వాళ్లే ఇచ్చే టైప్‌స్క్రిప్ట్ టెంప్లేట్ చూడండి. అక్కడ బిల్డ్ చేసిన డిస్ట్ ఫోల్డర్‌ని రెపోలోనే పెట్టాలి, అందరూ మర్చిపోయేదీ అదే. ఆటో కమిట్ చేయడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. అయినా వాళ్లు పెట్టింది చెక్-డిస్ట్ అనే వర్క్‌ఫ్లో: మళ్లీ బిల్డ్ చేస్తుంది, గిట్ డిఫ్ (ఏం మారిందో చూపే కమాండ్) చూస్తుంది, తేడా ఉంటే ఆ తేడా లాగ్‌లో చూపించి ఫెయిల్ అవుతుంది, సరైన డిస్ట్‌ని ఆర్టిఫాక్ట్‌గా (మనం దించుకోగల ఫైల్‌గా) అప్‌లోడ్ చేసి పెడుతుంది. బ్రాంచ్‌ని ముట్టుకోదు.

మీ రెపోలో కూడా ఇది పెద్ద పనేమీ కాదు. ఫార్మాటర్ నడిపి, గిట్ డిఫ్‌కి ఎగ్జిట్ కోడ్ ఫ్లాగ్ ఇవ్వండి, మార్పు ఉంటే స్టెప్ ఫెయిల్ అవుతుంది. దాని కింద ఒక్క వాక్యం ప్రింట్ చేయండి, "ఫార్మాటింగ్ తేడా ఉంది, ఎన్‌పీఎం రన్ ఫార్మాట్ అని కొట్టి కమిట్ చేయండి" అని. ఈ వాక్యం దగ్గర బద్ధకించకండి, కొత్తవాళ్లకి సగం సాయం అదే. లోకల్‌లో ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కి ముందు దానంతటదే నడిచే స్క్రిప్ట్) ఉంటే అసలు అక్కడిదాకా రానే రాదు.

బాట్ ఎక్కడా కమిట్ చేయకూడదా అంటే, అలా అనను. ఒక వెబ్‌సైట్‌లో డేటా గంటగంటకీ తీసుకుని మార్పుల చరిత్ర కోసం గిట్‌లో దాచే రెపోలు ఉంటాయి, అక్కడ రాసే మనిషే లేడు, బాట్ రాస్తే తప్పేంటి. గిట్‌హబ్ వాళ్ల డిపెండబాట్ చూడండి, లైబ్రరీ వెర్షన్ మార్చాలంటే నేను పనిచేస్తున్న బ్రాంచ్‌లోకి దూరదు, తన బ్రాంచ్‌లో తన పీఆర్ పెట్టి, మనం చూసి మెర్జ్ చేసేదాకా ఆగుతుంది. రిలీజ్-ప్లీజ్ అనే టూల్ కూడా చేంజ్‌లాగ్‌ని (ప్రతి వెర్షన్‌లో ఏం మారిందో రాసే ఫైల్‌ని) అలాగే పీఆర్‌గా తెస్తుంది. నా గొడవ బాట్లతో కాదు, నా బ్రాంచ్‌లో నన్ను అడగకుండా రాయడంతోనే.

"ఒక కామా కోసం మళ్లీ పుష్ చేయాలంటే పదిహేను నిమిషాల సీఐ వేస్ట్" అనే మాట తప్పకుండా వస్తుంది, ఒప్పుకుంటా, విసుగే. అయితే ఆ ఫార్మాట్ చెక్‌ని టెస్టుల తర్వాత కాకుండా విడి జాబ్‌గా ముందే నడిపితే నిమిషంలోపే తెలిసిపోతుంది. చాలా చోట్ల సమస్య అక్కడే ఉంది, సీఐ నెమ్మదిగా ఉంది, దాన్ని బాగుచేయడం కష్టం కాబట్టి బాట్‌ని పెట్టుకున్నారు.

ప్రస్తుతం మా టీమ్‌లో ఈ స్టెప్ తీసేసి పర్మిషన్స్‌ని కంటెంట్స్ రీడ్‌కి మార్చే పీఆర్ పెట్టాను, కింద వాదన నడుస్తోంది, ఇద్దరు గట్టిగానే వద్దంటున్నారు. లాక్ ఫైళ్లు (లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేవి), స్నాప్‌షాట్లు, ప్రోటోబఫ్ (డేటా రూపం రాసిస్తే కోడ్ పుట్టించే టూల్) నుంచి వచ్చే కోడ్ ఇలాంటివి మీ దగ్గర బాట్ కమిట్ చేస్తుంటే, ఆ కమిట్‌ని మెర్జ్‌కి ముందు ఎవరు చూస్తున్నారో, ఏ టోకెన్‌తో పుష్ అవుతోందో కాస్త చూసి కామెంట్లలో రాయండి, ఆ వాదనలో నాకు పనికొస్తుంది.